తెరవని సగం

“మా కోడలూ డాట్రేనమ్మా. గాని మనుసుల్ని సూసే డాట్రు కాదు, ముక్కల్ని సూసే డాట్రు.”

ఏసమ్మ ఆ మాట అనగానే హాల్లో చాపల మీద కూర్చున్న స్త్రీల సమాజం మొత్తం నవ్వింది. వంటింట్లో టీ వడపోస్తున్న షీబాకి నవ్వు వినిపించింది గానీ చెయ్యి ఆగలేదు, ముప్ఫై నాలుగు గ్లాసులు నింపాలి. కొత్త మాటేమీ కాదది. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో కూడిక పెట్టినప్పుడల్లా పాట, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత ఈ మాట, వరుస తప్పదు. అత్తగారి మనసులో విషం ఉందనీ కాదు. ఆవిడ దృష్టిలో డాక్టరంటే ఆవిడ కొడుకు ధనరాజ్. కత్తి పట్టుకుని కోస్తాడు, కుట్లేస్తాడు, విజయనగరం చుట్టుపక్కల నుంచీ శ్రీకాకుళం అవతల నుంచీ వచ్చిన జనం రెండు చేతులూ ఎత్తి దండం పెడతారు. కోడలు అదే ఆస్పత్రి వెనక గదిలో మైక్రోస్కోపు మీద తల వాల్చుకుని కూర్చుంటుంది, ఎవరి ఒంట్లోంచో వచ్చిన ముక్కని చూసి అది కేన్సరో కాదో రాస్తుంది. ఆ రాతని బట్టే కొడుకు కత్తి కదులుతుందన్న సంగతి ఏసమ్మకి ఎవరూ చెప్పలేదు. షీబా చెబితే గొప్పలు చెప్పుకున్నట్టవుతుంది. ధనరాజ్‌కి చెప్పాలని ఎప్పుడూ తోచలేదు.

ఈ ముక్కల చదువు షీబా కోరుకున్నదీ కాదు. ఎంబీబీఎస్‌లో ఆమెకి సర్జరీలో మెడల్ వచ్చింది. పెళ్ళిచూపుల్లోనే ధనరాజ్ నవ్వుతూ అన్నాడు, “ఇద్దరం కత్తులు పట్టుకుంటే ఇల్లెవరు చూస్తారండీ? పేథాలజీ తీసుకోండి. ఎమర్జెన్సీలుండవు, టైముకి ఇంటికి రావచ్చు.” ఎంత ముందుచూపున్న మనిషో అని షీబా తల్లి మురిసిపోయింది. టైముకి ఇంటికి రావడం మాత్రం అక్షరాలా నిజమైంది. ఐదింటికి లేచి రెండు కూరలు, పదో తరగతి చదివే కూతురికి బాక్సు, అత్తగారికి రాగిజావ. తొమ్మిదింటికి ల్యాబు. ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చి భర్తకి అన్నం వడ్డించడం, మళ్ళీ ల్యాబు, ఆరింటికి మళ్ళీ ఇల్లు. ఆస్పత్రి రెండు వీధుల అవతలే కాబట్టి ఆ దారిలో ఆమె రోజుకి నాలుగుసార్లు నడుస్తుంది. జీతం మాట ఒకసారి ఎత్తితే ధనరాజ్ ముచ్చటగా ఆమె బుగ్గ మీద తట్టాడు. “మన ఆస్పత్రిలో మనకి జీతమేంటి షీబా? వినేవాళ్ళు నవ్వుతారు.” నవ్వేవాళ్ళకి ఆ ఊళ్ళో కొరత లేదు మరి.

ఆ మంగళవారం నిజానికి షీబా చేతిలో ఉండాల్సింది టీ గిన్నె కాదు. పన్నెండున్నరకి ఆపరేషన్ థియేటర్ నుంచి ఒక కిడ్నీ వచ్చింది. భావనపాడు నుంచి వచ్చిన గున్నమ్మ అనే ఆవిడది. నలభై ఏడేళ్ళ మనిషి, చేపలమ్ముకుంటుంది. మూత్రంలో నెత్తురు పడుతోందని భర్త గంగులు ఆమెని కోటబొమ్మాళిలో రైలెక్కించి తీసుకొచ్చాడు. ఎడమ కిడ్నీలో ఎనిమిది సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఆ వైపు ఊళ్ళల్లో కిడ్నీ అంటే డయాలసిస్ మిషనే జనానికి గుర్తొస్తుంది, ప్రతి వీధిలోనూ ఆ మిషన్‌కి వెళ్ళొచ్చేవాళ్ళు ఒకరైనా ఉంటారు. అందుకే గడ్డ అని చెప్పగానే గంగులు ఊపిరి పీల్చుకున్నాడట. “పోన్లెండి బాబూ, మిసను మీద పడుకోబెట్టక్కర్లేదు గదా” అన్నాడట.

ధనరాజ్‌కి ఒక అలవాటుంది. తీసిన గడ్డని ట్రేలో పెట్టి, థియేటర్ బయట నిలబడ్డ బంధువుల ముందు నిలువునా ఒక్క కోత కోసి, పుస్తకం విప్పినట్టు విప్పి చూపిస్తాడు. “ఇదిగో, ఇదే మీ రోగం. మొత్తం తీసేశాను, ఆనవాలు కూడా లేదు.” జనం చూస్తారు, ఏడుస్తారు, దండం పెడతారు. అలా బయట కోయకండి, ల్యాబులో పద్ధతిగా కోస్తేనే ఎక్కడ ఏముందో తెలుస్తుందని షీబా ఒకటి రెండుసార్లు చెప్పింది. “కళ్ళతో చూస్తేనే వాళ్ళకి నమ్మకం. నీకేం, నువ్వు మళ్ళీ కోసుకోవచ్చు కదా” అన్నాడు. కోసుకోవచ్చు, కాదనలేదు. గడ్డని సెంటీమీటరు మందాన వరసగా పొరలు కోసి, ఎన్ని సెంటీమీటర్లుంటే కనీసం అన్ని ముక్కలు తీసి, రంగు మారిన చోటల్లా ఇంకో ముక్క తియ్యడం పద్ధతి. ఆమె కత్తి చేతిలోకి తీసుకునేసరికి ఫోన్ మోగింది.

“ఏటమ్మా, పాలు ఇరిగిపోనాయి. జనం వచ్చీసినాక వస్తావా, ముందొస్తావా?” అత్తగారు.

పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్. గ్లాసులు ఎక్కడున్నాయట. మూడోసారి ధనరాజ్. “అమ్మ కంగారు పడుతోంది. ఆ కిడ్నీ ఎక్కడికీ పారిపోదు కదా, ఇంటికెళ్ళు.”

షీబా భర్త విప్పిన కోత వెంబడే నాలుగు ముక్కలు తీసింది. పచ్చగా, మేలిమి బంగారంలా మెరుస్తోంది గడ్డ ఆ కోసిన వైపు. మిగతా సగం రేపు కోద్దామనుకుని కిడ్నీని ఫార్మలిన్ డబ్బాలో వేసి మూత పెట్టింది. రేపటికి రేపటి ముక్కలొచ్చాయి. వరసగా రెండు రోజులు కరెంటు కూడా సతాయించింది. ఆ డబ్బా సంగతి ఆమె మర్చిపోయింది.

ఇష్టం లేకుండా చేసుకున్న చదువే అయినా, ఆ మైక్రోస్కోపు మీద ఆమెకి ప్రేమ పుట్టింది. పేర్లు పెట్టే జనం లేని చోటు అదొక్కటే. గులాబీ రంగు, ఊదా రంగు, వాటి మధ్య మనిషి లోపలి సంగతులు. గున్నమ్మ ముక్కల్లో కణాలు లోపల నీళ్ళున్నంత తేటగా ఉన్నాయి, కిడ్నీ కేన్సర్లలో ఎక్కువగా వచ్చే రకం అది. ప్రతి కణం నడుమా ఒక ఊదారంగు కేంద్రకం ఉంటుంది, ఆ కేంద్రకం లోపల మళ్ళీ ఒక చుక్క. రోగి జాతకం ఆ చుక్కలో ఉంటుంది. నాలుగొందల రెట్లు పెంచి చూసినా చుక్క సరిగా కనపడకపోతే గ్రేడ్ వన్. నాలుగొందల రెట్లకి కనపడి వంద రెట్లకి కనపడకపోతే టూ. వంద రెట్లకే కొట్టొచ్చినట్టు కనపడితే త్రీ. ఇక కణాలు తమ రూపమే మర్చిపోయి, వికారంగా ఉబ్బిపోయి, లేదా కదురుల్లా సాగిపోయి ఉంటే అది ఫోర్. మొదటి రెండు గ్రేడులవాళ్ళలో ఎక్కువమంది బతికి బట్టకడతారు. నాలుగో గ్రేడు వాళ్ళకి కిడ్నీ తీసేసినా సరే ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో మళ్ళీ లేచే ప్రమాదం చాలా ఎక్కువ, ఒక్కోసారి నెలల్లోనే. ఇందులో సగటు లెక్క లేదు. గడ్డంతా మంచిగా ఉండి ఒక్క మూల చెడ్డగా ఉన్నా, రిపోర్టులో రాయాల్సింది ఆ మూల గ్రేడే.

నాలుగు ముక్కల్లోనూ ఆమెకి టూ కనపడింది. టూ అని రాసింది. ఆ ఆస్పత్రిలో గడ్డల రిపోర్టు ఏదైనా ముందు ధనరాజ్ కంప్యూటర్‌కి వెళ్తుంది. ఆయన చదివి, కటువుగా ఉన్న మాటలు కాస్త మెత్తబరిచి ఓకే నొక్కితేనే ప్రింటు వస్తుంది. ప్రింటు మీద షీబా సంతకం దానంతటదే పడుతుంది. ఆమె నాన్న చనిపోయినప్పుడు మొదలైన ఏర్పాటది. ఐదు రోజులు పుట్టింట్లో ఉండాల్సొస్తే రిపోర్టులు ఆగిపోతాయని ధనరాజ్ పాత కాగితం మీది సంతకాన్ని స్కాన్ చేయించి కంప్యూటర్లో పెట్టించాడు. భూస్థాపన అయిన సాయంత్రం ఫోన్ చేసి ఎంతో ప్రేమగా చెప్పాడు, “నువ్వేం హైరానా పడకు షీబా, నువ్వు లేకపోయినా పని ఆగదు.” ఆ మాట ఓదార్పో మరేంటో ఆమెకి ఇప్పటికీ తేలలేదు.

గున్నమ్మ రిపోర్టు చూసి ధనరాజ్ సంతోషించాడు. “గ్రేడ్ టూ, మంచి రకం. ఆర్నెల్లకి ఓసారి కనపడితే చాలు” అని చెప్పి పంపించాడు. గంగులు ఆయన కాళ్ళ మీద పడబోయాడట.

ఇరవై రోజులు గడిచాయి. ల్యాబు టెక్నీషియన్ కుసుమకుమారి అలమార సర్దుతూ “మేడమ్, పాత డబ్బాలు పారబోసీమంటారా? సోటు సాలటం లేదు” అంది. పదకొండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి, అడక్కుండా ఏదీ పారెయ్యదు. షీబా డబ్బాల మీది చీటీలు ఒక్కొక్కటే చదువుతూ వచ్చింది. గున్నమ్మ పేరు దగ్గర ఆగింది. మూత తీసి కిడ్నీని పలక మీద పెట్టింది. భర్త కోసిన కోత ఒక్కటే ఉంది. ఆ కోతకి అవతల, వీపు వైపు సగం, కొవ్వు కప్పుకుని అలాగే మూసుకుని ఉంది.

“ఇదేటి మేడమ్, ఇటుపక్క కొయ్యనేలేదు?” అంది కుసుమకుమారి.

షీబా కోసింది. రెండో పొర దగ్గర పసుపు రంగు ఆగిపోయింది. నిమ్మకాయంత మేర తెల్లగా, గట్టిగా, చేప కండలా ఉంది. పుస్తకాల్లోనూ అలాగే రాసుంటుంది, చేప కండలా అని. ఎన్నిసార్లు చదివిందో ఆ వాక్యం. ఆరు ముక్కలు తీసి కుసుమకుమారికి ఇచ్చింది, ఆవిడ పట్టుకెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ ముక్కల గాజు స్లైడులొచ్చాయి. వంద రెట్లు కూడా అక్కర్లేదు, అంతకంటే తక్కువలోనే తెలిసిపోయింది. కదురుల్లా సాగిన కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎటుపడితే అటు పోతున్నాయి. గ్రేడ్ ఫోర్. షీబా మైక్రోస్కోపు లైటు ఆర్పి కుర్చీలో వెనక్కి వాలింది. ఎప్పుడూ మొహం చూడని ఒక ఆడమనిషి భావనపాడులో తట్ట దించి, కేన్సర్ పోయిందని ఇరుగుపొరుగుకి చెప్పుకుంటూ ఉంటుంది. ఆ మాట తను చెప్పించింది. పాలు విరిగాయని, గ్లాసులు కనపడలేదని, సగం కిడ్నీ తెరవకుండా లేచిపోయింది తను. అత్తగారిని అనడానికి లేదు, పాలు విరగడం ఆవిడ తప్పు కాదు. భర్త మళ్ళీ కోసుకోమన్నాడు, కోసుకోలేదు. ఎటు తిప్పినా అది వచ్చి తన ఒళ్ళోనే పడుతోంది. షీబాకి ఏడుపొచ్చింది. ఏడిచింది కూడా, టేబుల్ మీద తల పెట్టుకుని, ఐదు నిమిషాలు. అప్పటికి ఒంటిగంటన్నరయింది, అన్నం వడ్డించాలి కాబట్టి లేచింది.

“గున్నమ్మ కిడ్నీలో ఇంకో చోట గ్రేడ్ ఫోర్ ఉందండీ. మొదట నేను ఆ పక్క కోయలేదు. రిపోర్టు మార్చాలి” అంది పప్పు వడ్డిస్తూ.

“ఎవరు గున్నమ్మ?”

“భావనపాడు. ఎడమ కిడ్నీ.”

ధనరాజ్ అన్నం కలుపుకున్నాడు. అరిచే మనిషి కాదు ఆయన. ఆయన గొంతు పెంచగా షీబా ఎప్పుడూ వినలేదు. “చూడు, నీ మంచికే చెప్తున్నాను. మార్చామంటే మొదటిది తప్పని మనమే రాసిచ్చినట్టు. ఎవరి తప్పు? నీది. సంతకం ఎవరిది? నీది. పైగా మొత్తం పోయిందని నేను వాళ్ళకి మాటిచ్చాను.”

“మళ్ళీ రాకుండా మందు మొదలుపెట్టాలంటే ఆపరేషనైన మూడు నెలల్లోపే పెట్టాలండీ. ఇప్పటికే నెల కావస్తోంది. ఛాతీ స్కానింగ్ అయినా చేయిస్తే...”

“వాళ్ళు వైజాగ్ వెళ్తారా? వెళ్ళినా ఆ మందులు వాడగలరా? తెలిసి ఏడవడం తప్ప ఒరిగేదేంటి? ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండనీ.” కంచం కాస్త ముందుకి జరిపాడు. “చారు వెయ్యి.”

“అన్నం కాడ ఏటమ్మా ఆ మాటలు? తిననీ ఆడిని” అంది ఏసమ్మ పక్కగదిలోంచి.

షీబా చారు వేసింది. వేస్తున్న తన చెయ్యిని చూసి తనకే అసహ్యమేసింది. కానీ చెయ్యి వేసేసింది, దానికి అలవాటు.

ఆ సాయంత్రమే సవరించిన రిపోర్టు తయారుచేసి భర్త కంప్యూటర్‌కి పంపింది. శుక్రవారం గడిచింది, ఆదివారం గడిచింది. ఓకే రాలేదు. ఆయన దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగానే ఉన్నాడు, ఇంకా కాస్త బాగానే ఉన్నాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో కారాపి ఆమెకి మల్లెపూలు కొన్నాడు. అంతకుముందే చర్చి మెట్ల దగ్గర ఎవరో అక్కయ్య షీబా చెయ్యి పట్టుకుని “నీకేటమ్మా, అదృష్టవంతురాలివి. తాగుతాడా, తిడతాడా, పల్లెత్తు మాటంటాడా” అంది. నిజమే, ధనరాజ్ ఆ మూడూ చేయడు. లోకం మొగుళ్ళకి గ్రేడులిచ్చేటప్పుడు తాగుడూ తన్నులూ లేవని చూసి వన్ వేసేసి పోతుంది. షీబా చదువు అది కాదు. ఆమెకి నేర్పించింది, అంతా కలియతిరిగి, అన్నిటికన్నా చెడ్డ చోటు ఏదో వెతికి, దాని పేరు రాయమని. పరాయివాళ్ళ కిడ్నీల్లో, రొమ్ముల్లో, గర్భసంచుల్లో వెతికి వెతికి రాసింది. తన కాపురంలో మాత్రం ఎప్పుడూ ఆయన విప్పి చూపించిన వైపే చూసింది, అది బంగారంలా మెరుస్తుంటే టూ అనో వన్ అనో రాసుకుని మూత పెట్టేసింది. మల్లెపూలు తల్లో పెట్టుకుని కారులో కూర్చున్న ఆమెకి ఈ ఆలోచనంతా ఒక్కసారిగా వచ్చింది. కిందికి దిగిపోవాలనిపించింది. కారు ఇంటి ముందే ఆగింది, దిగి, మధ్యాహ్నానికి మాంసం కడగడానికి వెళ్ళింది.

ఇంకెవరితో చెప్పుకోవాలి? తల్లికి చెబితే “మొగుడు నీ పరువే గదమ్మా కాపాడతన్నాడు” అంటుంది. అది అబద్ధమూ కాదు, అదే కదా చిక్కు. తప్పు ఆమెదే అన్న ఒక్క మాటతో ధనరాజ్ బయట గడియ పెట్టేశాడు. తప్పు దాచినన్నాళ్ళూ ఆమె ఆయనకి రుణపడి ఉండాలి, బయటపెడితే తనని తానే బజారులో నిలబెట్టుకోవాలి. ఆ గదిలో ఎటు నడిచినా గోడే తగులుతోంది. సోమవారం వంటింట్లో ఉప్పు రెండుసార్లు వేసింది. “ఏటి, సంసారం మీద మనసు లేదేటి?” అని అత్తగారు పళ్ళెం పక్కకి నెట్టింది. మంగళవారం ఇంకో ఇంట్లో కూడిక ఉంటే ఆమె చేత నలభై అరిసెలు వండించి పట్టుకెళ్ళింది.

బుధవారం కుసుమకుమారి సీసాలు కడుగుతూ, అటు తిరిగే అంది, “నాకేటి తెల్దు మేడమ్. నానొకరి మాటల్లోకి వెళ్ళను. గాని ఆ భావనపాడు గున్నమ్మ రేపు వస్తాదట, గాయం సూపించుకోడానికి. పేరు రాసుకున్నారు. మీకు తెలాలని సెప్తన్నాను, అంతే.”

గురువారం పొద్దున్న షీబా ల్యాబులో కూర్చుని ఒక తెల్లకాగితం తీసుకుంది. కంప్యూటర్ ఆయన చేతిలో ఉంది గానీ పెన్ను ఎవరి చేతిలోనూ లేదు. వైజాగ్‌లోని కేన్సర్ డాక్టర్ కోసం ఇంగ్లీషులో ఒక పేజీ రాసింది, అదే సంగతి కింద తెలుగులో, ఊళ్ళో ఎవరు చదివినా అర్థమయ్యేలా రాసింది. చివర సంతకం పెట్టింది. చేత్తో సంతకం పెట్టి చాలా కాలమైనందుకో ఏమో, కంప్యూటర్లో ఉన్నదానికీ దీనికీ పెద్దగా పోలిక లేదు. కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. పెట్టుకుందే గానీ ఇస్తానన్న నమ్మకం ఆమెకి లేదు.

ల్యాబుకీ ధనరాజ్ గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. పదకొండు దాటాక అవతల నుంచి మాటలు వినిపించాయి.

“ఏం గున్నమ్మా, ఎలా ఉన్నావు?”

“బాగానే ఉన్నాను బాబూ. అప్పుడప్పుడు ఎడం పక్క సురుక్కుమంటాది. తట్ట ఎత్తుకోవచ్చా?”

“ఇంకో నెల ఆగు. గాయం బాగా మానింది. ఇక ఆర్నెల్లకి స్కానింగ్ చేయించుకుని రా.”

తర్వాత మగ గొంతు, గంగులుది. “ఏటన్నా ఉంటే నాకు సెప్పండి బాబూ, ఆడమనిసికి సెప్పకండి. బెంగెట్టీసుకుంటాది.”

“ఏమీ లేదయ్యా. వెళ్ళిరండి.”

షీబా లేచింది. లేవాలని అనుకుని లేచింది కాదు, ఆ ‘ఏమీ లేదు’ విన్నాక కూర్చోలేకపోయింది. వరండా దాటి రోగులు కూర్చునే హాల్లోకి వచ్చింది. ఏప్రన్ వేసుకుని ఆ హాల్లోకి రావడం ఆమెకి అదే మొదటిసారి. నలభైమంది దాకా ఉన్నారు. “గున్నమ్మ గారూ” అని పిలిచింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న నల్లటి, పొడుగాటి మనిషి అటూ ఇటూ చూసి, “నన్నేనేటి?” అంది. తన పేరు పక్కన గారు వినడం అలవాటు లేనట్టుంది.

“మిమ్మల్నే. నేను డాక్టర్ షీబాని. మీ కిడ్నీని పరీక్ష చేసింది నేనే.”

“పరీచ్చ మిసను గదా సేసింది?”

“మిషన్ కాదు. నేనే చూశాను.” ఏప్రన్ జేబులోంచి కాగితం తీసి చేతికిచ్చింది. “మొదట ఇచ్చిన రిపోర్టు తప్పు. మీ గడ్డలో ఒక చోట చెడ్డ రకం ఉంది, మళ్ళీ వచ్చే రకం. ఆర్నెల్లు ఆగకూడదు, ఈ వారంలోనే వైజాగ్ వెళ్ళాలి. ఎవరిని కలవాలో ఇందులో రాశాను.”

“ఏటమ్మా, ఏటీ లేదని బాబు ఇప్పుడే గదా సెప్పినాడు!” గంగులు గొంతుకి హాలంతా ఇటు తిరిగింది.

ధనరాజ్ గది తలుపు తెరుచుకుంది. ఒక్క చూపులో ఆయనకి అంతా అర్థమైంది. అయినా మొహంలో చిరునవ్వు చెదరలేదు, వచ్చి గంగులు భుజం మీద చెయ్యి వేశాడు. “కంగారు పడకు. చిన్న పొరపాటు జరిగింది. మా టెక్నీషియన్ ముక్క సరిగా తియ్యలేదు, అది మేమే పట్టుకున్నాం, అందుకే పిలిచి చెప్తున్నాం.” వెనక్కి తిరిగి, “కుసుమకుమారీ! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అన్నాడు.

ల్యాబు గుమ్మంలో కుసుమకుమారి తల వంచుకుని నిలబడి ఉంది. నోరు తెరిస్తే రేపటి నుంచి పని ఉండదు. ధనరాజ్ షీబా వైపు చూశాడు, చూశావా ఎలా గట్టెక్కించానో అన్నట్టు, దాదాపు ప్రేమగా. అంత సులువైన దారి ఆమె ఊహించలేదు. గున్నమ్మకి చెప్పాల్సింది చెప్పేసింది. ఆస్పత్రి పేరు నిలబడుతుంది. ఇంట్లో సాయంత్రం గొడవ ఉండదు. తను చెయ్యాల్సిందల్లా తల ఊపడం. పదహారేళ్ళుగా ఊపుతున్న తలే కదా, ఇంకొక్కసారి.

“కుసుమకుమారి కాదండీ. కోసింది నేను” అంది షీబా.

“షీబా, లోపలికి పద. తర్వాత మాట్లాడదాం.”

“మీరు వీళ్ళకి చూపించడానికి ఒక పక్క కోశారు. నేను ఆ పక్కే చూసి, మిగతా సగం తెరవకుండా వదిలేశాను. తప్పు నాది.”

హాల్లో ఎవరో దగ్గారు. గంగులు నోరు తెరవబోతే గున్నమ్మ “నువ్వుండయ్యా” అని ఆపేసింది. షీబా మొహంలోకి చాలాసేపు చూసింది, తూకంలో మోసం ఉందేమోనని చూసే మనిషిలా. తర్వాత గుమ్మం పక్క బల్ల మీద కూర్చుని, అక్కడున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్కకి జరిగింది.

“తప్పు నాదన్న డాట్రుని ఇప్పుడే సూస్తన్నాను” అంది. “కూకో తల్లీ. ఆ సగంలో ఏటుందో నాకు సెప్పు. నా కిడ్నీయే గదా.”

షీబా ఆమె పక్కన కూర్చుంది. ధనరాజ్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఇంటికెళ్ళాక ఆయన గొంతు పెంచడని, నెలల తరబడి పెంచకుండానే ఏమేం చెయ్యగలడో ఆమెకి తెలుసు. భయం ఎక్కడికీ పోలేదు. కానీ పదహారేళ్ళలో ఆ ఆస్పత్రిలో ఇది నాది అని ఆమె నోరు తెరిచి చెప్పుకున్న మొదటి వస్తువు ఆ తప్పు. దాన్ని ఇంకెవరికీ ఇవ్వదలచుకోలేదు.